మెట్ట తవ్వి పల్లం మెరక చేయాలా?

మెట్ట రైతు: మా ఊరి పక్కనున్న చిన్న మెట్టకి తెల్లారితే చాలు, టిప్పర్లు వరసకడుతున్నాయి. ఎర్ర గ్రావెలంతా దిగువ ఊళ్లలో ఇళ్ల స్థలాల మెరకకే. మెట్ట మీద పడ్డ వాన వాగులోంచి మా చెరువులోకి వచ్చేది. ఇప్పుడు గోతుల్లోనే నిలిచిపోతోంది. గేదెలు మేసే చోటూ పోయింది. తవ్వకం ఆపాలంటున్నాను. కాదనేవాళ్లు చెప్పండి.

పల్లం కుర్రోడు: నేను కాదంటాను బాబాయ్. మాది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. గ్రావెల్ తోలించి దిమ్మిస కొడితేగానీ పునాది నిలబడదు. మురుగు డ్రైన్ పొంగిందంటే గుమ్మం దాకా నీళ్లే. అయినా 1847లో కాటన్ దొర ఆనకట్ట మొదలుపెడితే రాయి ఎక్కడిది? ధవళేశ్వరం కొండది కాదూ? అప్పుడు కొండ ముట్టుకోవద్దంటే మనం ఏం తినేవాళ్లం?

మెట్ట రైతు: ఆ రాయి 1852కల్లా ఆనకట్టయింది. దాంతో లక్షల ఎకరాలు తడిశాయి. మీ మెరక వల్ల మాకొచ్చేది దుమ్మే కదా. రోడ్డూ పోయింది.

రిటైర్డు మాస్టారు: తవ్వే ముందు పైన ఏముందో చూశారా? పిఠాపురం దగ్గర కొడవలి గుట్ట మీద శాతవాహనుల నాటి శాసనం దొరికింది. టిప్పర్ ముందు వెళ్లుంటే అది ఏ స్థలం కిందో ఉండేది.

మెట్ట రైతు: మా మెట్ట మీద శాసనం లేదు మాస్టారూ. తాటిచెట్లు, అమ్మవారి గుడి, అంతే. శాసనం ఉంటేనే ఉంచుతారా?

కోనసీమ కోడలు: మేం పిల్లర్లు లేపి కట్టుకున్నాం. మెరకకి మట్టి తోలడం బాగా తగ్గింది, ఖర్చు మాత్రం పెరిగింది. పట్టా ఇచ్చిన సెంటు స్థలంలో కట్టుకునేవాళ్లు అంత పెట్టలేరు, అది ఒప్పుకోవాలి. (మా మావయ్యగారు ఇప్పటికీ మెట్లెక్కలేక తిడతారు.)

పల్లం కుర్రోడు: అదేగా నేననేది. పర్మిషన్ ఉన్నంత వరకే తవ్వితే నీకేంటి బాబాయ్ ఇబ్బంది?

మెట్ట రైతు: అంతవరకే తవ్వుతున్నారని ఎవరు చూశారు? సీనరేజి, అంటే తవ్వినదానికి సర్కారుకి కట్టే రుసుం, కట్టింది ఎన్ని ట్రిప్పులకో, రాత్రిళ్లు పోయింది ఎన్నో? గొయ్యి తాటిచెట్టంత లోతుంది. సోమవారం ఆఫీసర్లు కొలతలకి వస్తారట. టేపు రెండో కొస పట్టుకోడానికి నువ్వూ రా, ఎంత తవ్వారో నీ కళ్లతోనే చూద్దువుగాని.

పల్లం కుర్రోడు: వస్తాను. ఎండెక్కకముందే పెట్టమనండి.