బిల్లును కమిటీకి ‘నివేదించడం’: ఈ మాట సరైనదేనా?

నేను గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే తెలుగు మీడియం పిల్లలకి పాలిటీ చెబుతాను. మొన్న సోమవారం క్లాసులో బోర్డు మీద రెండు వాక్యాలు రాశాను. “సభ బిల్లును సెలెక్ట్ కమిటీకి నివేదిస్తుంది. కమిటీ తన నివేదికను సభకు నివేదిస్తుంది.” సెలెక్ట్ కమిటీ అంటే ఒక బిల్లును పరిశీలించడానికి సభ వేసే సభ్యుల కమిటీ. రాసి ఇటు తిరిగేసరికి వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి నిలబడింది. “సార్, నివేదించడం అంటే కిందివాళ్లు పైవాళ్లకి చెప్పుకోవడం కదా, మరి సభ కమిటీకి నివేదించడమేంటి, సభ కంటే కమిటీ పెద్దదా?” అంది.

పదేళ్లుగా ఇదే వాక్యం రాస్తున్నాను, ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. ఆ పిల్ల అడిగింది నిజం. దేవుడికి నైవేద్యం పెడితే అది నివేదన, అధికారి ముందు గోడు చెప్పుకుంటే నివేదించుకోవడం, అంటే ఈ మాట ఎప్పుడూ కింద నుంచి పైకే పోతుంది. కమిటీ సభకు నివేదిక ఇవ్వడం దాకా సరిగ్గా సరిపోతుంది. సభ కమిటీకి బిల్లు పంపేటప్పుడు మాత్రం మాట తలకిందులవుతోంది. ఇంగ్లీషులో రిఫర్ వేరు, రిపోర్ట్ వేరు. మనం రెంటికీ కలిపి ఒకే క్రియ వాడేస్తున్నాం, దాంతో చదివేవాడికి బిల్లు ఎటు నుంచి ఎటు పోతోందో అర్థం కావట్లేదు.

ఇది మాటల పట్టింపు మాత్రమే కాదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. బిల్లు ప్రయాణంలో ప్రతి మెట్టుకీ విడిగా ఒక అర్థం ఉంది. మంత్రి లేచి “బిల్లును ప్రవేశపెట్టడానికి సభ అనుమతి కోరుతున్నాను” అంటారు, సభ మూజువాణి ఓటుతోనో, ఎవరైనా డివిజన్ అడిగితే లెక్కపెట్టో ఆ అనుమతి ఇస్తుంది, అప్పుడే బిల్లు ప్రవేశపెట్టినట్టు. దానికే మొదటి పఠనం అని పేరు, నిజానికి ఆ రోజు బిల్లులో ఒక్క క్లాజు మీద కూడా చర్చ ఉండదు. ఆ తర్వాతే దాన్ని నేరుగా పరిశీలనకు తీసుకోవాలా, సెలెక్ట్ కమిటీకి పంపాలా, రెండు సభల సభ్యులూ ఉండే సంయుక్త కమిటీకి పంపాలా, ప్రజాభిప్రాయానికి పెట్టాలా అన్నది తేలుతుంది.

ఇవన్నీ మన తెలుగు వార్తల్లో ‘ఆమోదం’ అనే ఒక్క మాటలో కలిసిపోతున్నాయి. కేబినెట్ ఆమోదం, సభ ఆమోదం, గవర్నర్ ఆమోదం, రాష్ట్రపతి ఆమోదముద్ర. 2024 డిసెంబర్ 17న జమిలి ఎన్నికల బిల్లు లోక్‌సభకు వచ్చినప్పుడు 269 మంది అనుకూలం, 198 మంది వ్యతిరేకం అని వచ్చింది. మా బాబాయి ఫోన్ చేసి “పాసైపోయిందటగా” అన్నాడు. ఇంకో గంటకి మా బావమరిది “మూడింట రెండొంతులు రాలేదు కాబట్టి వీగిపోయిందట” అని మెసేజ్ పెట్టాడు. ఇద్దరిదీ పొరపాటే. ఆ ఓటు బిల్లును లోపలికి రానివ్వాలా వద్దా అన్నదాని మీద మాత్రమే, దానికి మామూలు మెజారిటీ చాలు, రాజ్యాంగ సవరణ బిల్లు పాసవడానికే మూడింట రెండొంతులు కావాలి. లోపలికొచ్చిన ఆ బిల్లును తర్వాత 39 మంది ఉన్న సంయుక్త కమిటీకి పంపారు. ‘ప్రవేశానికి అనుమతి’ అని రెండు మాటలు సరిగ్గా రాసి ఉంటే ఇద్దరికీ ఆ గందరగోళం ఉండేది కాదు.

కాబట్టి నా ప్రశ్న ఇది. కమిటీకి నివేదించడం, పంపడం, అప్పగించడం, ఒప్పజెప్పడం. వీటిలో ఏది రాయమంటారు?

ఒక పత్రిక డెస్క్ నుంచి:
మాస్టారూ, మేం ‘పంపారు’ అనే రాస్తాం, శీర్షికలో చోటు కూడా కలిసొస్తుంది. ‘నివేదించారు’ అనేది సర్కారీ అనువాదాల్లో ఎక్కువగా కనబడుతుంది. నా అనుభవంలో ‘సెలెక్ట్ కమిటీ’ అన్న మాట తెలుగు ఇళ్లల్లోకి వచ్చింది 2020 జనవరిలో. అంతకుముందు రాస్తే బ్రాకెట్లో వివరణ ఇవ్వాల్సి వచ్చేది, ఆ వారం తర్వాత ఆ అవసరమే లేకపోయింది. మూడు రాజధానుల బిల్లు, సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) రద్దు బిల్లు జనవరి 20న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో పాసయ్యాయి, మండలికి వచ్చాయి. 22వ తేదీ రాత్రి మండలి ఛైర్మన్ ఎం.ఏ. షరీఫ్ తన విచక్షణాధికారంతో రెండింటినీ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. మర్నాడు మార్కెట్లో కూరగాయలు కొంటుంటే పక్కన ఇద్దరు ‘సెలెక్ట్ కమిటీ అంటే మూడు నెలలు ఆగినట్టేనా’ అని మాట్లాడుకోవడం నా చెవులతో విన్నాను.

ఆ రాత్రి డెస్కులో మాకొచ్చిన ఇబ్బంది చెబుతాను. ‘పంపారు’ అని రాయాలా, ‘పంపుతున్నట్టు ప్రకటించారు’ అని రాయాలా అని అరగంట వాదించుకున్నాం. రెండోదే ఖాయం చేశాం. అదే మంచిదైంది, ఎందుకంటే ఆ కమిటీ అసలు ఏర్పడనే లేదు. జూన్ 16న శాసనసభ ఆ బిల్లుల్ని మళ్లీ పాస్ చేసింది, జూలై 31న గవర్నర్ సంతకం పెట్టారు, 2021 నవంబర్‌లో ప్రభుత్వమే వాటిని రద్దు చేసుకుంది. మీరు క్రియ గురించి అడిగారు గానీ, నాకైతే కర్త అంతకంటే ముఖ్యం అనిపిస్తుంది. ఎవరు పంపారు? గొడవంతా అక్కడే కదా నడిచింది, సభ ఓటేసి పంపిందా, ఛైర్మన్ సొంతంగా పంపారా అని.

మొదటి పోస్టు రాసిన నేనే:
చాలా మంచి మాట చెప్పారండీ. మా నోట్సులో కూడా “కమిటీకి పంపబడుతుంది” అని కర్మణిలో ఉంది, అక్కడే కర్త ఎగిరిపోతున్నాడు. లోక్‌సభలో స్థాయీ సంఘానికైతే (స్టాండింగ్ కమిటీకి) స్పీకరు పంపుతారు, సభలో తీర్మానం అక్కర్లేదు. సెలెక్ట్ కమిటీకైతే సభే తీర్మానం చేసి పంపాలి. ‘పంపబడుతుంది’ అని రాస్తే ఈ తేడా కనిపించదు. రేపే మారుస్తాను.

బెంగళూరు నుంచి ఒక సభ్యురాలు:
నమస్తే అండీ, క్రియ సంగతి నాకు తెలీదు గానీ నామవాచకం గురించి ఒకటి. ఇక్కడ కన్నడ పేపర్లలో బిల్లుని ‘మసూదె’ అంటారు. తమిళంలో ‘మసోదా’. అదే మాట మన దగ్గర ‘ముసాయిదా’ అయింది, కానీ అర్థం ఒక మెట్టు వెనక ఆగిపోయింది, మనకి ముసాయిదా అంటే ఇంకా చిత్తుప్రతే. మూలం అరబ్బీ, పారసీ మీదుగా మనకొచ్చింది. ‘నల్లబరచినది’ అని అసలు అర్థం, అంటే సిరాతో కొట్టివేతలతో నల్లగా అయిన కాగితం. దాన్ని శుభ్రంగా తిరగరాస్తే వచ్చే సాఫు ప్రతికి అక్కడ ‘తెల్లబరచినది’ అనే అర్థం వచ్చే మాట ఉంది. కమిటీ నుంచి తిరిగొచ్చిన బిల్లుని ఎప్పుడు చూసినా నాకు ఆ నల్లటి కాగితమే గుర్తొస్తుంది, ఎన్ని క్లాజులు కొట్టేసి ఎన్ని చేరుస్తారో!

ఇంకోటి, రాష్ట్ర విభజన సమయంలో ఈ రెండు మాటల మీదే పెద్ద వాదన జరిగింది గుర్తుందా? 2013 డిసెంబర్‌లో ఢిల్లీ నుంచి మన అసెంబ్లీకి వచ్చింది బిల్లా, ముసాయిదా బిల్లా అని. అప్పుడు మా నాన్నగారు టీవీ ముందు కూర్చుని “రెంటికీ తేడా ఏంటే” అని నన్ను అడిగితే చెప్పలేకపోయాను. ఇప్పుడైతే చెప్పగలను. సభలో ప్రవేశపెట్టేదాకా ముసాయిదా, పెట్టాక బిల్లు.

పత్రిక డెస్క్ నుంచే మళ్లీ:
అమ్మా, మీరు భలే గుర్తు చేశారు. అదే విభజన బిల్లు 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెట్టినప్పుడు పెప్పర్ స్ప్రే చల్లడం, సభ వాయిదా పడడం అందరికీ తెలుసు. ఆ రోజు ‘ప్రవేశపెట్టారు’ అన్న మాట మీదే తగువు. ప్రభుత్వం పెట్టామంది, పెట్టినట్టు మేం ఒప్పుకోం అని ప్రతిపక్షం అంది. ప్రవేశపెట్టడం ఒక్క క్షణంలో అయిపోయే పని, ఆ క్షణం గొడవలో కలిసిపోతే ఇక ఎవరి మాట వాళ్లదే. ఐదు రోజులకు, 18న, లోక్‌సభలో పాసైంది, మధ్యలో ఏ కమిటీకీ పోలేదు.

డాలస్ నుంచి:
అన్నా, అమెరికాలో ఉండే మాకు ఇంకో చిక్కు. ఇండియా వార్తల్లో ‘బిల్లు టేబుల్ చేశారు’ అంటే సభ ముందు పెట్టారని. ఇక్కడ టేబుల్ చేయడమంటే దాన్ని పక్కన పడేయడం, దాదాపు చంపేయడమే. మా అబ్బాయి స్కూల్లో సివిక్స్ చదువుతున్నాడు, వాళ్ల తాతయ్య ఫోన్లో ‘బిల్లు టేబుల్ అయింది రా’ అంటే ‘అయ్యో, పోయిందా’ అన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ‘సభ ముందుంచారు’ అనే అంటున్నాం, తెలుగు మాటకి ఈ గొడవ లేదు.

ఇక్కడ ప్రతినిధుల సభలో బిల్లు ప్రవేశపెట్టడానికి అనుమతి అడగడం, ఓటు వేయడం ఏమీ ఉండవు. సభ నడుస్తుండగా క్లర్కు బల్ల దగ్గరున్న చెక్కపెట్టెలో కాగితం వేస్తారు, అంతే, నంబరు పడుతుంది. కమిటీకి పంపడం దాదాపు ప్రతి బిల్లుకీ జరిగే పని, మన దగ్గరలాగా పంపాలా వద్దా అన్న చర్చ కాదు. చాలా బిల్లులు ఆ కమిటీల్లోనే ఆగిపోతాయి. అందుకే ఇక్కడ కమిటీకి పంపారంటే వార్తే కాదు, మన దగ్గర శీర్షిక అవుతుంది.

తెలుగు లెక్చరరుగా రిటైరైన ఒక అమ్మ:
తమ్ముడూ, నీ క్లాసు పిల్లకి నా ఆశీస్సులు చెప్పు. నివేదించడం గురించి ఆమె చెప్పిందే సరి. ‘అప్పగించడం’ కూడా వద్దు, అప్పగింతలంటే పిల్లని అత్తారింటికి పంపడం, ఇక అది వాళ్ల పిల్లే. బిల్లు అలా కాదు, కమిటీ దగ్గరున్నా సభదే. ‘ఒప్పజెప్పడం’ పాఠానికీ బాకీకీ సరిపోతుంది. ‘పరిశీలనకు పంపడం’ అని రాయి. ఎందుకు పంపుతున్నారో మాటలోనే ఉంటుంది, వెనక్కి రావాలన్న సంగతీ అందులోనే ఉంటుంది.

హిందీ నుంచి తెచ్చిపెట్టే మాటలతో మాత్రం జాగ్రత్త. సెలెక్ట్ కమిటీని వాళ్లు ‘ప్రవర సమితి’ అంటారు. ప్రవర అంటే ఏరి కోరినది, మాట మంచిదే, కానీ తెలుగువాడికి ప్రవర అంటే పెళ్లిలో గోత్రంతో పాటు చెప్పేది. బిల్లుని వాళ్లు ‘విధేయక్’ అంటారు, విధించదగినది అని. మనకి విధేయుడంటే అర్జీ కింద సంతకం చేసేవాడు. ‘స్థాయీ సంఘం’ మనం తెచ్చేసుకున్నాం, కానీ అందులో దీర్ఘం పోతే అర్థమూ పోతుంది. స్థాయీ అంటే నిలిచి ఉండేది, అలంకారశాస్త్రంలో స్థాయీభావం లాగ. దీర్ఘం తీసేస్తే జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి అయి కూర్చుంటుంది.

మొదటి పోస్టు రాసిన నేను:
మేడమ్, మీరు చెప్పిన దీర్ఘం పోయే సంగతి నాకు అనుభవమే. ఒక టెస్ట్ సిరీస్ పుస్తకంలో ‘స్థాయి సంఘం’ అని అచ్చయితే మా పిల్లాడొకడు ‘ఏ స్థాయి సార్, కేంద్రమా రాష్ట్రమా’ అని అడిగాడు. అదే పుస్తకంలో సెలెక్ట్ కమిటీని ‘ఎంపిక కమిటీ’ అన్నారు. ఆ మాట చూసి ఉద్యోగాలకి మనుషుల్ని ఎంపిక చేసే కమిటీ అనుకుని ఇద్దరు తప్పు జవాబు పెట్టారు. ఇంగ్లీష్ మీడియం పిల్లలకి ఈ బాధ లేదు. తెలిసిన విషయం తెలుగు మాట వల్ల తప్పు పెట్టాల్సి వస్తే ఆ పిల్లలకి ఎంత కష్టమో, ఒక్క మార్కుతో పోస్టు పోయినవాళ్లని నేను చూశాను.

అందుకే ఇవాళ నోట్సు మార్చాను. స్థాయీ సంఘం పక్కన “ఎప్పుడూ ఉండే సంఘం, పార్లమెంటులో శాఖలవారీగా 24, ఒక్కొక్క దాంట్లో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10” అని చేర్చాను. సెలెక్ట్ కమిటీని సెలెక్ట్ కమిటీ అనే ఉంచాను, “ఒక్క బిల్లు కోసం వేసేది, నివేదిక ఇవ్వగానే పని అయిపోతుంది” అని రాశాను. నివేదించడం తీసేసి ‘సభ పరిశీలనకు పంపుతుంది, కమిటీ నివేదిక ఇస్తుంది’ అని రాశాను.

క్లాసులో చదివి వినిపించాక మళ్లీ ఆ అమ్మాయే లేచింది. “సార్, బిల్లు కమిటీ దగ్గరున్నా సభదే అన్నారు కదా, మరి 2025 ఇన్‌కమ్ టాక్స్ బిల్లు ఏమైంది?” అని అడిగింది. ఫిబ్రవరి 13న ప్రవేశపెట్టారు, సెలెక్ట్ కమిటీ జూలై 21న నివేదిక ఇచ్చింది, ఆగస్టు 8న ప్రభుత్వం ఆ బిల్లుని వెనక్కి తీసుకుంది, 11న కమిటీ సిఫార్సుల్ని కలుపుకుని కొత్త బిల్లు తెచ్చింది అని చెప్పాను. “అయితే వెనక్కి తీసుకోవడం మంత్రి ఇష్టమేనా?” అంది. కాదమ్మా, దానికీ సభ అనుమతి అడగాల్సిందే అన్నాను. ఆమె నోట్సులో ‘ప్రవేశపెట్టడానికి అనుమతి’ అన్న లైను వెతికి, దాని కిందే ‘ఉపసంహరించడానికి కూడా అనుమతి’ అని రాసుకుంది.