అప్‌డేట్: మా చిట్టి ఆరోగ్యం, నా కంగారు

13 ఏళ్ల మా కుక్క చిట్టి రాత్రిళ్లు దగ్గుతూ ఆయాసపడుతోందని, దాన్ని కనిపెట్టుకుని కూర్చోవడంతో నాకూ నిద్ర కరువైందని, ఈ ఆందోళనను ఎలా తట్టుకోవాలని గత నెలలో అడిగాను. పశువైద్యురాలు ఎక్స్‌రే, గుండె స్కానింగ్ చేయించి, గుండెలోని మైట్రల్ కవాటం వయసు మీదపడి మందమై సరిగా మూసుకోకపోవడం వల్ల రక్తం కొంత వెనక్కి పోతోందని, ఇది పూర్తిగా నయం కాకపోయినా మందులతో అదుపులో ఉంచవచ్చని చెప్పారు. గుండె బలంగా కొట్టుకునేలా చేసే పిమోబెండాన్ అనే మందుతో పాటు ఒంట్లో నీరు తీసే మాత్రలు మొదలుపెట్టాక ఆయాసం తగ్గింది. మూత్రం కోసం మాటిమాటికీ బయటికి తీసుకెళ్లవలసి వస్తోంది, అది వేరే సంగతి.

నాకు నిజంగా ఊరటనిచ్చింది మాత్రం ఒక చిన్న లెక్క. చిట్టి నిద్రపోతున్నప్పుడు ఛాతీ ఒకసారి లేచి దిగడాన్ని ఒక శ్వాసగా తీసుకుని, నిమిషానికి ఎన్ని శ్వాసలో రాసిపెట్టమని, ఆ సంఖ్య 30 దాటి అలాగే కొనసాగితే వెంటనే ఫోన్ చేయమని ఆవిడ చెప్పారు. ఇదివరకు గంటకోసారి లేచి చూసేదాన్ని. ఇప్పుడు రాత్రికి ఒక్కసారే లెక్కించి పడుకుంటున్నాను. నిన్న 22 వచ్చింది. చిట్టి ముందు ఏడవవద్దని మీలో ఒకరిచ్చిన సలహాను మాత్రం పాటించలేకపోయాను. నేను ఏడ్చినప్పుడల్లా అదే వచ్చి నా ఒళ్లో తల పెడుతోంది.