రావద్దన్న రాత్రికి, జ్వరం వచ్చిన రోజుకు కూలి ఎవరివ్వాలి?

రాత్రి డ్యూటీ సిస్టర్, కర్నూలు

కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిబ్బందిని పంపే ఏజెన్సీ తరఫున పనిచేస్తున్నాను. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివాను. వారానికి మూడు రాత్రులు పిలుస్తారు. రాత్రికి 700 రూపాయలు. పిలిస్తేనే డబ్బు. నెల జీతం, సెలవు అనే మాటలు మా కాగితంలో ఎక్కడా లేవు.

సంక్రాంతి వారంలో జరిగింది చెబుతాను. మా ఊరు నందికొట్కూరు దగ్గర. రాత్రి ఎనిమిదికి మొదలయ్యే డ్యూటీకి సాయంత్రం ఆరుకే బస్సెక్కాలి. బాక్సులో రెండు జొన్నరొట్టెలు, వంకాయ కూర పెట్టుకుని, ఉతికిన ఆప్రాన్ మడిచి సంచిలో వేసుకుని, పిల్లవాణ్ని అత్తమ్మకు అప్పగించి బయలుదేరాను. కర్నూలు ఇంకో పది నిమిషాల్లో వస్తుందనగా ఫోను మోగింది. "సిస్టర్, పండగ కదా, పేషెంట్లు లేరు. ఈ రాత్రి రావద్దు" అన్నారు. బస్టాండులో దిగి, బెంచీ మీద కూర్చుని ఆ రొట్టెలు తిని, తిరుగు బస్సు పట్టుకున్నాను. ఆడవాళ్లకు బస్సు ఉచితమే. నా సాయంత్రం కూడా ఉచితమేనా? అదే వారం ఇంకో రాత్రి కూడా ఇలాగే రద్దు చేశారు. 1,400 రూపాయలు పోయాయి.

తర్వాతి వారం నాకు జ్వరం, 102. ఆ రాత్రి కూడా పోతే నెల గడవదని మాత్ర వేసుకుని వెళ్లాను. వేసింది పసిపిల్లల వార్డులో. మాస్కు మీద మాస్కు పెట్టుకున్నాను, చేతులు పదేపదే కడుక్కున్నాను. తెల్లవారుజామున ఒక బాలింత నాలుగు రోజుల బిడ్డను నా చేతికి అందించబోయింది. చేతులు చాచలేకపోయాను. పక్క సిస్టర్‌ను పిలిచాను. బిడ్డను తాకడానికి నాకు అసహ్యమేమో అనుకుని ఆ తల్లి ముఖం చిన్నబోయింది. ఆమెకు నిజం చెప్పే ధైర్యం లేకపోయింది, చెబితే నన్ను మళ్లీ పిలవరు.

బయలుదేరాక రద్దు చేసిన షిఫ్టుకు కూలి అడగడం తప్పా? జ్వరం వచ్చిన రోజుకు జీతం అడగడం అత్యాశా? మీ అభిప్రాయాలు చెప్పండి.

చిన్న ఆసుపత్రి డాక్టరు, అనంతపురం

సిస్టర్ గారూ, మీరు జ్వరంతో పసిపిల్లల వార్డుకు వెళ్లి ఉండాల్సింది కాదు. ఆ మాట ముందు చెప్పి, తర్వాత నా పక్షం చెబుతాను.

మాది 30 పడకల ఆసుపత్రి. పండగకు ముందు ఎవరూ ఆపరేషన్ చేయించుకోరు. డెంగీ రోజుల్లో వరండాలో కూడా మంచాలు వేయాలి. మా రోగుల్లో సగానికి పైగా ప్రభుత్వం డబ్బు కట్టే ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద వచ్చేవారే. ఆ బిల్లులు నెలల తరబడి రావు. 2025 అక్టోబరులో బకాయిల కోసం ఆ పథకంలోని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన సంగతి అందరికీ తెలుసు. పడక ఖాళీగా ఉన్న రాత్రి కూడా కూలి ఇవ్వాలంటే అది మందుల ఖర్చులో కోత పెట్టి ఇవ్వాలి, లేదా అప్పు చేసి ఇవ్వాలి. ఏజెన్సీ సిబ్బందిని పెట్టుకున్నదే అవసరాన్ని బట్టి పిలవడానికి.

జ్వరం సంగతికి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉంది. మా వాటా మేం కడుతున్నాం. ఒకే జబ్బుకు రెండుసార్లు మేమెందుకు ఇవ్వాలి?

ఓటీ టెక్నీషియన్, కర్నూలు

అక్కా, నేను మీతో ఏకీభవించను. మూడు ఆసుపత్రుల ఆపరేషన్ థియేటర్లలో పిలిచినచోటికి వెళ్తాను, ఒకచోట రద్దయితే ఇంకోచోటికి ఫోను చేస్తాను. నెల జీతం వాళ్ల కంటే నాలుగు రూపాయలు ఎక్కువే మిగులుతున్నాయి. రద్దుకు కూలి ఇవ్వాలని పట్టుబడితే ఏజెన్సీలు గట్టిగా అడిగేవాళ్లను పక్కన పెట్టి కొత్తవాళ్లను పిలుస్తాయి. చివరికి ఉన్నది కూడా పోతుంది.

ఈఎస్‌ఐ, పీఎఫ్ లెక్కలు రాసేవాణ్ని, కడప

డాక్టరు గారూ, ఈఎస్‌ఐ ఉంది కదా అన్నారు. సిస్టర్ కూలి మీదనే లెక్క వేసి చూద్దాం.

నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారు ఈఎస్‌ఐ కిందికి వస్తారు. ఆమె వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 700 రూపాయల రాత్రికి ఆమె నుంచి 5.25, యజమాని నుంచి 22.75, మొత్తం 28 రూపాయలు చందా. జబ్బు చేస్తే సగటు రోజు కూలిలో 70 శాతం, అంటే 490 రూపాయలు, ఏడాదికి 91 రోజుల వరకు వస్తాయి. వినడానికి బాగుంది.

అయితే మొదటి రెండు రోజులకు ఏమీ రాదు. అవి నిరీక్షణ రోజులు. ఐదు రోజుల జ్వరమైతే మూడు రోజులకే వస్తుంది: 1,470. రెండు రోజుల జ్వరానికి సున్నా. నర్సును వార్డుకు లాక్కొచ్చేది ఆ మొదటి రెండు రోజులే కదా. మీరు జీతం ఇస్తే ఒకే జబ్బుకు రెండుసార్లు ఇచ్చినట్టు ఎలా అవుతుంది? ఆ రెండు రోజులకు ఎవరూ ఒక్కసారి కూడా ఇవ్వడం లేదు.

రెండో చిక్కు ఇంకా పెద్దది, చాలామందికి తెలియదు. ఈ 490 రావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు పడిన చందా మరుసటి జనవరి నుంచి జూన్ వరకు పనికొస్తుంది. అక్టోబరు నుంచి మార్చి వరకు పడినది జూలై నుంచి డిసెంబరు వరకు. ఆరు నెలలంటే 26 వారాలు. 78 రోజులంటే వారానికి సరిగ్గా మూడు. మూడు రాత్రులు చేసే మనిషికి ఒక్క రాత్రి రద్దయినా ఆ వారం లెక్క తప్పుతుంది. షిఫ్టు రద్దు చేసిన చెయ్యే ఆమె జబ్బు రోజుల డబ్బును కూడా కోసేస్తోంది. చందా మాత్రం పనిచేసిన ప్రతి రాత్రికీ కట్ అవుతూనే ఉంటుంది.

చికిత్సకు ఈ 78 అక్కర్లేదు. పనిలో సూది గుచ్చుకోవడం లాంటి ప్రమాదంలో గాయపడి పని చేయలేకపోతే కూడా అక్కర్లేదు, అప్పుడు 90 శాతం ఇస్తారు. ఆ సంగతి అందరూ గుర్తుంచుకోండి. ఏజెన్సీ చందా ఎగ్గొడితే మొదటి బాధ్యత అసలు యజమానిదే, అంటే ఆసుపత్రిది. అది ఏజెన్సీ వ్యవహారం, మాకు సంబంధం లేదంటే చెల్లదు.

టెక్నీషియన్ తమ్ముడికి ఒక మాట. మూడు చోట్ల చేస్తున్నావు సరే, మూడు చోట్లా ఒకే ఈఎస్‌ఐ నంబరు మీద చందా పడుతోందా? ఫోనులో చూసుకో. ప్రతి ఏజెన్సీ కొత్త నంబరు తీసి, రోజులన్నీ ముక్కలైపోయిన కేసులు నా బల్ల మీదికి చాలా వచ్చాయి.

డయాలసిస్ పేషెంటు కొడుకు, గుత్తి

మా అమ్మను వారానికి మూడుసార్లు అనంతపురం తీసుకెళ్తాను, ఒక్కోసారి నాలుగు గంటలు మిషను మీద. రెండేళ్లుగా ఆ గదిలో కూర్చుంటున్నాను. ఒకసారి సూది పెట్టే అబ్బాయికి దగ్గు ఆగలేదు. తల పక్కకు తిప్పుకుని దగ్గి, గ్లవ్స్ మార్చుకుని, మళ్లీ అమ్మ చెయ్యి పట్టుకునేవాడు. ఇంటికి పోవచ్చు కదా బాబూ అన్నాను. "పోతే ఈ రోజు కూలి పోతుంది సార్" అన్నాడు. మరుసటి వారం అమ్మకు న్యుమోనియా. అతని వల్లే వచ్చిందని నేను అనను, ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ పదకొండు రోజులు ఆసుపత్రిలో పెట్టాం. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతణ్ని ఇంటికి పంపడానికి అయ్యే ఒక్క రోజు కూలి ఎవరూ పెట్టుకోలేదు, కోపం దాని మీద.

డాక్టరు గారూ, మీరు దీన్ని జీతాల ఖర్చు కింద రాస్తున్నారు. శానిటైజరు, గ్లవ్స్ రాసే పద్దులో రాయండి. రోగి బంధువుగా నేను అడిగేది అదే.

ప్రొద్దుటూరు అమ్మాయి, మెల్‌బోర్న్

ఇక్కడ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పిలిచినప్పుడు వెళ్లే ఉద్యోగమే నాది. నాకూ జీతంతో కూడిన సెలవు లేదు. కానీ లేనందుకు బదులుగా గంట కూలి మీద 25 శాతం ఎక్కువ ఇస్తారు, అది నిబంధన. కర్నూలు అక్కకు సెలవూ లేదు, దానికి బదులు ఏమీ లేదు. రెండూ లేకపోతే దాన్ని సౌలభ్యం అని ఎలా అంటాం?

చిన్న ఆసుపత్రి డాక్టరు, అనంతపురం

78 రోజుల లెక్క నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను. నిన్న రాత్రి మా రిజిస్టరు తెప్పించి చూశాను. మా దగ్గర ఏజెన్సీ మీద ఉన్న ఏడుగురిలో ముగ్గురు ఆ గీతకు కిందే ఉన్నారు.

ఉదయం ఎనిమిదిలోపు చెప్పకుండా ఆ రాత్రి షిఫ్టు రద్దు చేస్తే సగం కూలి ఇవ్వడం న్యాయమే. అది మా చేతిలో ఉన్న విషయం, రోస్టరు జాగ్రత్తగా వేసుకుంటే ఆ ఖర్చు రాదు కూడా. జబ్బు రోజులకు పూర్తి జీతం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేను. ఈ నెల మా దగ్గర, వచ్చే నెల ఇంకోచోట పనిచేసే మనిషి సెలవులు ఎవరి ఖాతాలో రాయాలి? దీనికి ఎవరైనా పద్ధతి చెప్పండి, వింటాను.

ఓటీ టెక్నీషియన్, కర్నూలు

కడప సార్ చెప్పినట్టు ఫోనులో చూసుకున్నాను. రెండు నంబర్లు ఉన్నాయి. ఒకదానిలో 44 రోజులు, ఇంకోదానిలో 39. మూడో చోట అసలు చందానే పడలేదు. కలిపితే 83 కదా? ఒకే నంబరు కింద చేర్చడం ఎలాగో చెప్పండి.

రాత్రి డ్యూటీ సిస్టర్, కర్నూలు

డాక్టరు గారూ, సగం కూలి అన్నందుకు కృతజ్ఞతలు. సగమైనా సరే, ఆ రోజును జీతాల పట్టీలో చేర్చి చందా కట్టండి. మాకు 350 రూపాయల కంటే పట్టీలో పడే ఆ రోజు విలువైనది. సెలవులు ఎవరి ఖాతాలో అన్నారు. పనిచేసిన ప్రతి రాత్రికీ ఈఎస్‌ఐలాగే కొంత మొత్తం పక్కన పెట్టండి. మేం ఎక్కడికి వెళ్తే అది మాతో వస్తుంది.

మా ఇంట్లో పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీల్లో నా డ్యూటీలు రాసుకుంటాను. చేసిన రాత్రికి టిక్కు, రద్దయినదానికి సున్నా. ఇవాళ పొద్దున అత్తమ్మ పక్కన కూర్చోగా లెక్కపెట్టాను. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు టిక్కులు 71. సున్నాలు 11.

ఆ పేజీ ఫోటో తీసి ఏజెన్సీకి పంపాను. రేపు ఆసుపత్రి ఆఫీసులో కూడా ఇస్తాను. మీలో ఎవరైనా తేదీలు రాసుకుని ఉంటే ఇక్కడ పెట్టండి.