తెలుగు ప్రూఫులకి డార్క్ థీమా, లైట్ థీమా?

చుక్కగుర్తు:
పగలు వర్డ్‌లో తెలుగు ప్రూఫులు, రాత్రి వీఎస్ కోడ్‌లో పైథాన్. 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ ల్యాప్‌టాప్. కంటికి 0.75 సిలిండర్ (ఆస్టిగ్మాటిజం, గీతలు మసకబారే లోపం) ఉంది, అద్దాలు పెట్టుకునే చూస్తాను. కళ్లు మండుతున్నాయని అన్నీ డార్క్‌లోకి మార్చాను. మంట కాస్త తగ్గింది గానీ ఒత్తులు అలుక్కుపోయినట్టున్నాయి. అర్థం, అర్ధం రెండూ ఒకేలా కనబడుతున్నాయి. థీమ్ మార్చాలా, ఫాంట్ మార్చాలా?

ఒత్తుపొల్లు:
ప్రూఫుకి లైటేనండీ, ఆలోచించక్కర్లేదు. తెర తెల్లగా ఉంటే కంటిపాప చిన్నదవుతుంది, చూపు పదునెక్కుతుంది. నల్ల తెర మీద పాప విప్పారుతుంది. అద్దాలు సరిచేయకుండా వదిలేసిన కొద్దిపాటి సిలిండర్ లోపం కూడా అప్పుడు బయటపడి, తెల్ల గీత చుట్టూ వెలుగు చిమ్ముతుంది. ఇంగ్లీషు అక్షరాలు దాన్ని తట్టుకుంటాయి. మన థ-ఒత్తుకీ ధ-ఒత్తుకీ తేడా లోపలి చుక్కే. 12 పాయింట్లలో, 100 శాతం జూమ్‌లో ఆ చుక్క ఒకటి రెండు పిక్సెళ్లకి మించదు. దాని చుట్టూ ఉన్న నల్ల ఖాళీని తెలుపు మింగేస్తే ఇక చుక్కెక్కడిది?

ఫాంటు సైజు మాత్రం ముట్టుకోకండి, పేజీలు జరిగిపోతాయి. జూమ్ 150 చేయండి చాలు.

కొలతబద్ద:
పైవారు చెప్పింది సరే గానీ, మంట మళ్లీ మొదలవుతుంది. దానికి కారణం ఎక్కువసార్లు తెలుపు కాదు, బ్రైట్‌నెస్. తెల్ల ఏ4 కాగితం తెర పక్కన పట్టుకోండి. తెర ట్యూబులైటులా వెలిగిపోతుంటే తగ్గించండి, కాగితం కంటే మబ్బుగా ఉంటే పెంచండి. 500 లక్స్ వెలుతురున్న గదిలో కాగితం సుమారు 120 నిట్స్ (వెలుగు కొలత) ఉంటుంది. 250 నిట్స్ ప్యానెల్‌ని ఫుల్‌లో పెడితే దానికి రెట్టింపు! సాయంత్రం లైటు మారితే మళ్లీ చూసుకోవాలి.

వర్డ్‌లో ఫైల్, అకౌంట్, ఆఫీస్ థీమ్ బ్లాక్ పెట్టి, వ్యూ ట్యాబ్‌లో స్విచ్ మోడ్స్ నొక్కండి. రిబ్బన్ నల్లగానే ఉంటుంది, పేజీ ఒక్కటే తెల్లబడుతుంది. డిజైన్ ట్యాబ్‌లో పేజ్ కలర్ లేత గోధుమరంగు పెట్టుకునేవాళ్లున్నారు. మామూలు సెట్టింగ్‌లో ప్రింటులో రాదు గానీ ఫైలుతో పాటు వెళ్తుంది. పంపేముందు నో కలర్ చేయకపోతే అవతలివాళ్లకీ గోధుమరంగే.

రాత్రిడ్యూటీ:
కోడుకి డార్క్ ఉంచుకోండి, కటిక నలుపు మీద తెల్లటి తెలుపు మాత్రం వద్దు. రంగు కోడ్‌లలో చెప్పాలంటే నేపథ్యం #121212, అక్షరం అచ్చ తెలుపు #FFFFFF కంటే కాస్త మబ్బుగా, బూడిదరంగు #999999 కంటే తెల్లగా, ఆ మధ్యలో ఎక్కడో. కంట్రోల్ + కె, కంట్రోల్ + టి కొడితే థీమ్‌ల జాబితా వస్తుంది. చాలా డార్క్ థీమ్‌లలో కామెంట్ల బూడిదరంగు మరీ వెలిసిపోయి ఉంటుంది, కాంట్రాస్ట్ 4.5:1కి తగ్గితే రంగు మార్చండి. కోడులో తెలుగు స్ట్రింగులుంటే సెట్టింగ్స్‌లో ఎడిటర్ లైన్ హైట్ 1.8 ఇవ్వండి, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటాయి.

గది మొత్తం చీకటి చేసుకోవద్దు, తెర వెనక చిన్న లైటుండాలి. బ్యాటరీ కోసమైతే డార్క్ దండగ, ఐపీఎస్‌లో బ్యాక్‌లైట్ ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది. ఓఎల్ఈడీ (ఏ పిక్సెల్‌కి ఆ పిక్సెల్ విడిగా వెలిగే తెర) అయితే వేరే మాట.

చుక్కగుర్తు:
జూమ్ 150, తెల్ల పేజీ, బ్రైట్‌నెస్ 40. చుక్క కనబడుతోందండీ. ఇంకొకటి: డార్క్ వెబ్‌సైటు నుంచి కాపీ చేసిన పేరాలు వర్డ్‌లో నల్ల పట్టీతో వచ్చి పడ్డాయి. తీసేదెలా?

కొలతబద్ద:
ఇకమీదట రైట్ క్లిక్ చేసి కీప్ టెక్స్ట్ ఓన్లీతో పేస్ట్ చేయండి. వచ్చేసినవాటిని సెలెక్ట్ చేసి కంట్రోల్ + స్పేస్, తర్వాత కంట్రోల్ + క్యూ. మొదటిది అక్షరాల ఫార్మాటింగ్ తీస్తుంది (బోల్డ్ కూడా పోతుంది, చూసుకోండి), రెండోది పేరా వెనక పట్టీని. అప్పటికీ మిగిలితే అది హైలైట్, హోమ్ ట్యాబ్‌లో నో కలర్ ఇవ్వండి.