రెండే ప్రీయాంప్ ట్యూబులున్న హై గెయిన్ యాంప్‌ని ట్యూబ్ యాంప్ అనొచ్చా?

కూకట్‌పల్లి క్రంచ్:
రెండేళ్లు డబ్బు కూడబెట్టి మొత్తానికి గిటార్‌కి ట్యూబ్ యాంప్ (గాజు వాక్యూమ్ ట్యూబులతో సిగ్నల్ పెంచేది) కొన్నా. 40 వాట్ల కాంబో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో), పవర్ సైడ్ 6ఎల్6 అనే పెద్ద ట్యూబులు రెండు, 12 అంగుళాల స్పీకర్ ఒకటి. కంపెనీ పేరు చెప్పను, చెబితే చర్చ కాస్తా అభిమాన సంఘాల గొడవైపోతుంది. వాయిస్తున్నది నాలుగు రోజుల నుంచే, కాబట్టి ఆర్నెల్ల తర్వాత మాట మార్చే హక్కు నాకుంది.

తీగల శ్రుతి కిందికి దించిన డ్రాప్ సి ట్యూనింగ్‌లో అరచేతి అంచు బ్రిడ్జి మీద ఆనించి లావు తీగ కొడితే 'ధడ్' అంటుంది, ఠక్కున ఆగిపోతుంది, వెనకాల తోక మిగలదు. ఇన్నాళ్లూ లాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌తో హెడ్‌ఫోన్లలో వాయించినవాణ్ణి, గిటార్ శబ్దానికి ప్యాంటు అంచు కదలడం ఇదే మొదటిసారి చూడటం. గెయిన్ నాబ్ (శబ్దం ఎంత గరుకుగా ఉండాలో పెట్టేది) 5 దాటించే పనే పడలేదు, దాటిస్తే బరువు పెరగట్లేదు, ముద్దగా అవుతోందంతే.

అనుమానం ఏంటంటే, వెనక జాలీలోంచి చూస్తే పెద్ద ట్యూబులు రెండు, చిన్నవి (ప్రీయాంప్‌వి, అంటే సిగ్నల్‌ని మొదట పెంచేవి) కూడా రెండే కనిపించాయి. ఇంత గెయిన్ ఆ రెండింట్లోంచే వస్తోందా?

సోల్డర్ బావ:
రావట్లేదు తమ్ముడూ. లెక్క వేసుకో. ఒక్కో చిన్న ట్యూబ్‌లో (12ఎఎక్స్7) సిగ్నల్ పెంచే ట్రయోడ్లు రెండుంటాయి, అంటే నీ దగ్గరున్నవి మొత్తం నాలుగు. సిగ్నల్‌ని రెండుగా చీల్చి ఒకదాన్ని తిరగేసి రెండు పవర్ ట్యూబులకు పంపాలి కదా, ఆ పనికి మామూలుగా ఒక చిన్న ట్యూబ్ మొత్తం పోతుంది. ఇక మిగిలింది రెండు ట్రయోడ్లు. వాటితో కాస్త గరుకు శబ్దం వస్తుందేమో గానీ మెటల్ రాదు. 1992లో వచ్చిన పీవీ కంపెనీ యాంప్ 5150 తీసుకో, అందులో 12ఎఎక్స్7లు ఐదు. సిగ్నల్‌ని ఒక దశ నలిపి ఇంకో దశకిస్తుంది, అది ఇంకాస్త నలుపుతుంది, అలా పోగుపడిన డిస్టార్షన్ (గరుకు శబ్దం) అది. నీ దాంట్లో ఆ నలిపే పనంతా ట్యూబులు కాకుండా ఆప్ యాంపులు, డయోడ్లు అనే సెమీకండక్టర్ భాగాలు చేస్తూ ఉండాలి. అంటే డిస్టార్షన్ పెడల్‌ని పెట్టెలో బిగించి అమ్మారన్నమాట. నేతి మిఠాయి అని బోర్డు పెట్టి డాల్డాలో వేయించినట్టు.

వరంగల్ వైబ్రాటో:
డాల్డా అంటే ఊరుకోను బావా. మార్షల్ సిల్వర్ జూబిలీ, 1987. గన్స్ ఎన్ రోజెస్ గిటారిస్ట్ స్లాష్ వాయించిన యాంప్. దాని ప్రీయాంప్‌లో డయోడ్లతోనే క్లిప్పింగ్, అంటే నువ్వన్న నలిపే పని, జరుగుతుంది. మార్షల్‌దే జేసీఎం 900 డ్యూయల్ రివర్బ్‌లోనూ డయోడ్లే. వాటిని ట్యూబ్ యాంపులు కావని ఎవరన్నా అన్నారా? ఇంకో అడుగు ముందుకెళ్తే, గిటారిస్ట్ డైమ్‌బ్యాగ్ డారెల్ పాంటెరా అనే మెటల్ బ్యాండ్‌లో ఏళ్ల తరబడి వాయించింది రాండాల్ కంపెనీ సాలిడ్ స్టేట్ (ట్యూబుల్లేని) యాంప్ మీద. గెయిన్ సంగతి అడగాలంటే ఆయన్నే అడగాలి! సర్క్యూట్ డ్రాయింగ్ చూశాక నచ్చకుండా పోయే శబ్దం, చూడకముందు ఎలా నచ్చింది?

సోల్డర్ బావ:
చెడ్డగా మోగుతుందని నేనెక్కడన్నాను? డైమ్‌బ్యాగ్ తనది సాలిడ్ స్టేట్ అని దాచలేదు. నా గొడవల్లా ధర దగ్గర. ట్యూబుల కోసం డబ్బిచ్చిన మనిషికి, డిస్టార్షన్ దేన్నుంచి వస్తోందో తెలియాలి కదా.

డల్లాస్ డ్రాప్ సి:
మీరిద్దరూ ప్రీయాంప్ దగ్గరే కొట్టుకుంటున్నారు. క్రంచ్, నువ్వుండేది అపార్ట్‌మెంట్, మాస్టర్ వాల్యూమ్ ఎంత మీద పెడుతున్నావు? 1 దాటదనుకుంటా. అక్కడ 6ఎల్6లు సగం నిద్రలో ఉంటాయి. పవర్ తగ్గించే స్విచ్ ఉన్నా పెద్దగా ఆశ పెట్టుకోకు, 40 వాట్లను 10కి దించితే తగ్గేది 6 డెసిబెల్సే, చెవికి సగం కూడా తగ్గినట్టుండదు.

మరో మాట, ఇక్కడ అమెరికా నుంచి యాంప్ తెప్పించుకునేవాళ్లకి. మా తమ్ముడు నేను పంపిన 120 వోల్టుల యాంప్‌ని తీసుకెళ్లి నేరుగా 230 వోల్టుల విజయవాడ గోడ ప్లగ్‌లో పెట్టాడు. ఫ్యూజ్‌తో పోయింది కాబట్టి సరిపోయింది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాక గానీ ముట్టుకోవద్దని చెప్పా.

కూకట్‌పల్లి క్రంచ్:
మాస్టర్ 1 కూడా కాదన్నా, ముప్పావు. దానికే పైఫ్లాట్ ఆంటీ ఫోన్ చేశారు. చవితి పందిట్లో తొమ్మిది రోజులు డీజే మోగినా ఆవిడకి ఇబ్బంది లేదు, నా ఒక్క రిఫ్‌కి బీపీ పెరిగిందట.

సోల్డర్ బావ:
సరే, వాదన ఆపి ఒక పని చెయ్. యాంప్ మీద ఏదీ కదపకు. గిటార్ వాల్యూమ్ నాబ్‌ని 10 నుంచి మెల్లగా 3కి దించుతూ ఒకే కార్డ్ కొట్టు. ట్యూబ్ దశలతో వచ్చిన గెయిన్ అయితే మెల్లమెల్లగా విడిపోతూ, తీగలు ఒక్కొక్కటే వినపడుతూ క్లీన్ వైపు జారుతుంది. డయోడ్లయితే చాలాసార్లు ఒక చోటు దాకా మొండిగా పట్టుకుని, తర్వాత ఒక్కసారిగా పల్చబడుతుంది. ఇది శాసనమేం కాదు, సర్క్యూట్‌ని బట్టి మారుతుంది. నీ చెవికేమనిపించిందో చెప్పు.

కూకట్‌పల్లి క్రంచ్:
ఆంటీ గుడికెళ్లిన టైమ్ చూసి చేశా. 6 దాకా ఏ తేడా లేదు, 5 దగ్గర అంచుల్లో నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు సన్నటి శబ్దం మొదలైంది, 4కి వచ్చేసరికి బక్కచిక్కిపోయింది. బావ చెప్పిందే నిజమేమో. కానీ మళ్లీ 10కి తిప్పి లావు తీగ కొట్టగానే మొదటి రోజు నవ్వే వచ్చింది. నేను వాయించేదాంట్లో వాల్యూమ్ నాబ్‌ని ముట్టుకునేది పాట అయిపోయాకే. ఉంచుకుంటున్నా.

వరంగల్ వైబ్రాటో:
బావ ఓడిపోయాడు 😄

సోల్డర్ బావ:
ఓడలేదు, వాడే ఒప్పుకున్నాడు డయోడని. క్రంచ్, ఆదివారం దాన్ని మా షెడ్‌కి పట్టుకురా, నా 4x12 క్యాబినెట్‌కి (12 అంగుళాల స్పీకర్లు నాలుగున్న పెట్టె) కలిపి మాస్టర్ 4 మీద పెడదాం, అప్పుడు ఆ 6ఎల్6లు ఏమంటాయో చూద్దాం. నాది 16 ఓమ్స్, కాబట్టి వెనక స్విచ్ 16కి మార్చాలి. ఇంకోటి, స్పీకర్ వైర్ పీకి ఉన్నప్పుడు పొరపాటున కూడా ఆన్ చేయకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే రెండేళ్ల పొదుపు పొగే.

కూకట్‌పల్లి క్రంచ్:
వస్తా. లిఫ్ట్ రిపేర్‌లో ఉంది, నాలుగో అంతస్తు. మోయడానికి ఎవరన్నా వస్తారా?