ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీ హోంవర్క్‌కు మార్కులు ఉండాల్నా, వద్దా?

పరకాల బస్సు:
అందరికీ నమస్తే. నేను హన్మకొండల డిగ్రీ ఫస్ట్ ఇయర్, బీజెడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ). మా కెమిస్ట్రీ సార్ ప్రతి శుక్రవారం పన్నెండు లెక్కలు ఇస్తరు, సోమవారం పొద్దున టేబుల్ మీద ఉండాలె. ఇంటర్నల్స్‌ల ఐదు మార్కులు వాటికే.

మొన్న ఒక లెక్క ఇచ్చిండ్రు. 28 గ్రాముల నైట్రోజన్, 4 గ్రాముల హైడ్రోజన్ కలిపి చర్య జరిపితే ఎక్కువల ఎక్కువ ఎన్ని గ్రాముల అమోనియా వస్తది? క్లాసుల నలభై మందికి పైగా 34 గ్రాములు అని రాసినం. సార్ ఏం తిట్టలే. అందరికీ సున్నా వేసి నోట్‌బుక్కులు తిరిగి ఇచ్చిండ్రు. అబద్ధమెందుకు, నేను కూడా బస్సుల మా ఫ్రెండ్ నోట్‌బుక్ చూసే రాసిన. ఫ్రీ బస్సే గానీ సీటు దొరకది, నిలబడి రాసిన అక్షరాలు నాకే అర్థం కాలే.

ఇప్పుడు సగం మంది హోంవర్క్ మార్కులే తీసెయ్యమని హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గరకు పోదామంటున్నరు. మిగతా సగం ఊకోండి అంటున్నరు. మీరేమంటరు?

కాజీపేట పోరడు:
ఉత్తగ వచ్చే ఐదు మార్కులు తీసెయ్యమంటరా? మీకేమన్న పిచ్చా? ఎనభై మార్కుల పేపర్‌ల ఒక్కో మార్కు కోసం ఎంత గుంజుకుంటమో సెమిస్టర్ అయినంక తెలుస్తది.

చాక్‌పీస్:
నేను వేరే కాలేజీలో ఇదే సబ్జెక్టు చెప్తాను. ముందు ఆ 34 సంగతి చూద్దాం. పాత్రలో పెట్టింది 28, 4, మొత్తం 32 గ్రాములు. బయటికి 34 వచ్చాయి అని నలభై మంది రాశారు. రెండు గ్రాములు ఎక్కడి నుంచి వచ్చాయమ్మా? ఏనుమాముల మార్కెట్‌లో కాంటా మీద ఇట్లా తేడా వస్తే రైతు ఊరుకుంటాడా? మోల్ కాన్సెప్ట్ (పదార్థాన్ని కణాల లెక్కన కొలిచే పద్ధతి) రాకపోయినా కూడిక వస్తే చాలు, తప్పు దొరికిపోయేది. ఒక్కరూ కూడలేదంటే లెక్కను ఎవరూ చదవలేదనే. నా ఉద్దేశంలో మీ సార్ వేసిన సున్నా లెక్కకు కాదు, చూసి రాసినందుకు.

ఇక మార్కులు ఉండాల్సిందే. కారణం చెప్తా. జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. క్లాసులో వారానికి నాలుగు చొప్పున 15 వారాలు కూర్చుంటే 60 గంటలు అవుతాయి. మిగిలిన 60 మీరు ఇంట్లో, లైబ్రరీలో, బస్టాండ్‌లో చేసుకోవాల్సినవి. అంటే ఒక్క కెమిస్ట్రీకే వారానికి నాలుగు గంటలు. మార్కులు లేకపోతే ఆ నాలుగు గంటలు ఎవరు పెడతారు? ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, పరీక్ష ముందు రోజు తప్ప పుస్తకం తెరవరు.

పత్తి చేను:
సార్, మీ లెక్క కాగితం మీద బాగనే ఉన్నది. నేను రెండేండ్ల కింద ఇదే బీజెడ్‌సీ చేసిన. దసరా అయినంక పత్తి ఏరుడు మొదలైతది, శనివారం ఆదివారం చేన్ల ఉంటం. శుక్రవారం ఇచ్చి సోమవారం తెమ్మంటే మాకు మధ్యల ఉండేటివి ఆ రెండు రోజులే. కెమిస్ట్రీకి నాలుగు గంటలు, బాటనీకి నాలుగు, జువాలజీకి నాలుగు. పైన ప్రాక్టికల్ రికార్డు బొమ్మలు. బస్సుల రెండు గంటలు మీ క్రెడిట్ల ఏడ లెక్కవెడ్తరు?

ఇంకోటి. ఇంటర్ దాకా తెలుగు మీడియం చదివి వచ్చినోళ్లకు లెక్క రాక కాదు, ప్రశ్న అర్థంగాక ఆగిపోతం. 'లిమిటింగ్ రీఏజెంట్' అనే మాట నాకు డిగ్రీల మొదటి నెల అంతా ఏదో కెమికల్ పేరు అనుకున్న. నవ్వకుండ్రి.

పరకాల బస్సు:
నవ్వుతలేను అన్నా. నేను ఇప్పటికీ గట్లనే అనుకుంటున్న.

ఆటో స్టాండ్:
చెల్లె, ఇట్ల చూడు. షెడ్డుల 300 ఆటో బాడీలు ఉన్నయి, 600 చక్రాలు ఉన్నయి. ఆటోకు మూడు చక్రాలు. ఎన్ని ఆటోలు రోడ్డెక్కుతయి? 200. చక్రాలు ఒడిసినయి, వంద బాడీలు ఉత్తగ పడి ఉన్నయి. ముందు ఒడిసిపోయి పని ఆపిందే లిమిటింగ్ రీఏజెంట్. బాడీ అంటే నైట్రోజన్, చక్రం అంటే హైడ్రోజన్.

నైట్రోజన్ మోల్‌కు 28 గ్రాములు, హైడ్రోజన్ మోల్‌కు 2 గ్రాములు. గట్ల మీ లెక్కల నైట్రోజన్ ఒక మోల్, హైడ్రోజన్ రెండు మోల్స్. ఒక మోల్ నైట్రోజన్‌కు మూడు మోల్స్ హైడ్రోజన్ కావాలె, లేవు. మూడు మోల్స్ హైడ్రోజన్‌కు రెండు మోల్స్ అమోనియా వస్తది గనుక, రెండు మోల్స్‌కు ఒకటింబావు మీద కొంచెం, అంటే నాలుగు బై మూడు. దాన్ని ఒక మోల్ అమోనియా బరువు 17తో గుణిస్తే 22.7 గ్రాములు. నైట్రోజన్ 9.3 గ్రాములు మిగులుతది. రెండూ కూడితే 32. చాక్‌పీస్ సార్ కాంటా సరిపోయింది.

చాక్‌పీస్:
ఈ బాడీలు, చక్రాలు రేపు నా క్లాసులో వాడుకుంటాను, ఏమనుకోకు.

డెట్రాయిట్ చలి:
మాది హన్మకొండనే, ఇప్పుడు అమెరికాల పీహెచ్‌డీ చేస్తున్న, ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీకి టీఏని (టీచింగ్ అసిస్టెంట్‌ని). ఇక్కడ గూడ ఇదే లొల్లి. క్రెడిట్ అవర్‌కు క్లాసుల ఒక గంట, బయట కనీసం రెండు గంటలు అని 2010ల వాళ్ల ఫెడరల్ రూల్‌లనే రాసుకున్నరు. హోంవర్క్ అంతా ఆన్‌లైన్. ఒక్కొక్కరికి నంబర్లు మారుతయి, పక్కోడిది చూసి రాస్తే తప్పయితది. ఐదారు సార్లు ప్రయత్నించొచ్చు.

అయినా కాపీ ఆగలే. ప్రశ్నను ఫోటో తీసి యాప్‌ల వేస్తరు, చాట్‌జీపీటీని అడుగుతరు. హోంవర్క్‌ల తొంభై శాతం వచ్చిన పిల్లగాడు మిడ్‌టర్మ్‌ల మోలారిటీ (ద్రావణం గాఢత) లెక్క ముందు ఖాళీ కాగితం పెట్టుకొని కూసున్నడు. చాక్‌పీస్ సార్, మీరు మార్కు ఆన్సర్‌కు వేస్తే పిల్లలు ఆన్సర్ తెస్తరు. ఎట్లనన్న తెస్తరు. మా ప్రొఫెసర్ ఇప్పుడు హోంవర్క్‌కు నామమాత్రం మార్కులు పెట్టి, వారానికొక పది నిమిషాల క్విజ్ పెడ్తున్నరు. అవే లెక్కలు, నంబర్లు వేరే.

చాక్‌పీస్:
మీ దగ్గర దిద్దేది కంప్యూటర్ నాయనా. నాకు రెండు సెక్షన్లు, 120 మంది. పన్నెండు లెక్కల చొప్పున 1440. ఆదివారం మా ఇంట్లో కూడా పని ఉంటుంది. ఎర్ర పెన్నుతో చివరి అంకె చూసి టిక్కు పెట్టడం తప్పని నాకు తెలుసు. కానీ మెట్టు మెట్టు చూసి ఎక్కడ జారారో రాయాలంటే ఎట్లా? నేను గెస్ట్ ఫ్యాకల్టీగా ఉన్నప్పుడు జీతం క్లాసు గంటలకే వచ్చేది, దిద్దిన గంటలకు పైసా రాలేదు.

పత్తి చేను:
గట్లయితే పన్నెండు ఎందుకు సార్? నాలుగు ఇయ్యుండ్రి. నాలుగైతే మేమూ చేస్తం, మీరూ చూస్తరు. పన్నెండు ఇస్తే మేం చూసి రాస్తం, మీరు చూడకుండ దిద్దుతరు.

కాజీపేట పోరడు:
ఇది మాత్రం ఒప్పుకుంట.

చాక్‌పీస్:
నాలుగుకు దిగుతాను. మార్కులు తీసేయడానికి మాత్రం ఒప్పుకోను.

పరకాల బస్సు:
హెచ్ఓడీ దగ్గరకు పోలేదు. నిన్న నేనూ ఇంకో ముగ్గురం మా సార్ దగ్గరకే పోయినం. ఆటోల కథ చెప్పిన, నవ్విండ్రు. ఇప్పటి నుంచి ఐదు లెక్కలు, మంగళవారం ఇచ్చి శుక్రవారం తీసుకుంటరంట. చెయ్యరానిది వదిలెయ్యకుండ, ఎక్కడ ఆగిపోయినమో ఒక లైను రాయాలంట, తెలుగుల రాసినా పర్వాలేదన్నరు. మూడు మార్కులు అట్ల చేసినందుకు, రెండు మార్కులు శుక్రవారం క్లాసుల నంబర్లు మార్చి ఇచ్చే ఒక లెక్కకు. మా క్లాసుల కొందరు నా మీద కోపంగున్నరు, నువ్వు పోయి పని పెంచినవ్ అని. అది నిజమే.

మొదటి లెక్క అదే రియాక్షన్. 14 గ్రాముల నైట్రోజన్, 6 గ్రాముల హైడ్రోజన్. ఎవ్వరూ ఆన్సర్ చెప్పొద్దు, బస్సుల చేస్త.

కాజీపేట పోరడు:
17 గ్రాములు. ఈసారి నైట్రోజన్ ఒడిసింది, హైడ్రోజన్ 3 గ్రాములు మిగిలింది, కూడితే 20. సారీ చెల్లె, ఆగలేకపోయిన. నా రెండు మార్కులు ఎవరిస్తరు?