పిల్లల వేషాల బట్టలు: సజ్జ మీది మూట విప్పితే సగం పాడై ఉన్నాయి, ఎలా సర్దాలి?

ఉప్పల్_పైఅంతస్తు:
ఇద్దరు పిల్లలు, 4, 7 ఏళ్లు. రెండు సైజుల్లో కృష్ణుడి వేషం, అల్లూరి సీతారామరాజు కాషాయం, విల్లు, భరతమాత చీర, సీతాకోకచిలుక రెక్కలు, డాక్టరు కోటు, పోలీసు డ్రెస్సు అన్నీ ఒకే సంచీలో సజ్జ మీద ఉన్నాయి. కిరీటం సొట్టపోయింది, కుందన్లు రాలుతున్నాయి, రెక్కల నెట్టు వెల్‌క్రోకి పట్టుకుని చిరిగింది, ముక్కిన వాసన కూడా. అద్దె ఫ్లాటు కాబట్టి గోడకు డ్రిల్లింగ్ కుదరదు. పిల్లలకు ఆడుకోవడానికి అందాలి, స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ రోజుకీ పనికిరావాలి. దారి చెప్పండి.

వేషాల_కుట్టుపని:
ముందు ఆ మూటను రెండుగా విడదీయండి. ఆడుకునేవి వేరు, స్టేజీవి వేరు. రెండూ కలిసి ఉన్నన్నాళ్లూ ఎంత మంచి డబ్బా కొన్నా ఇదే గతి.

డాక్టరు కోటు, పోలీసు డ్రెస్సు, చిన్నదైపోయిన కృష్ణుడి పంచె లాంటి ఉతికితే తట్టుకునేవన్నీ ఆటకు వదిలేయండి. గోడకు మేకు లేకుండా నేల మీద నిలబడే బట్టల స్టాండు చాలు. రాడ్డు 90 సెం.మీ. ఎత్తులో ఉంటే నాలుగేళ్లవాడు తనే తీసుకుని తనే తగిలిస్తాడు. కింద బరువైన పెట్టె ఏదైనా పెట్టండి, లేకపోతే పిల్లలు లాగినప్పుడు స్టాండు వాళ్ల మీద పడుతుంది. టోపీలు, స్టెతస్కోపు మూతలేని టబ్బులో వేసి, టబ్బు మీద వాటి ఫొటో అంటించండి. చిన్నవాడికి చదవడం రాదు, బొమ్మ చూసి సర్దుతాడు. ఇద్దరికీ కలిపి ఎనిమిది పది జతలకు మించి బయట పెట్టొద్దు. ఎక్కువైతే అన్నీ నేల మీదే ఉంటాయి.

ఇక స్టేజీవి. మన ఊళ్లో చిక్కేమిటంటే కృష్ణాష్టమి, ఆగస్టు 15 రెండూ వానాకాలంలోనే వస్తాయి. చెమట పట్టిన బట్టను ఆ తేమలోనే మడిచి లోపల పెట్టేస్తాం. ముక్కిన వాసనా, బూజు చుక్కలూ, జరీ నల్లబడటమూ అక్కడే మొదలవుతాయి. వేషం విప్పిన రోజే తిరగేసి ఫ్యాను కింద ఒక రాత్రంతా ఆరేయండి. ఉతకగలిగినదైతే చల్లటి నీళ్లలో కొంచెం షాంపూ వేసి పది నిమిషాలు ఉంచి, పిండకుండా తీసి నీడలో పరవండి. చమ్కీ ఉన్నదాన్ని మెషిన్లో వేయొద్దు. బంగారు రంగు అద్దకం మీద ఇస్త్రీ పెట్టె నేరుగా తగిలితే అంటుకుపోతుంది. తిరగేసి, పైన పాత నూలు గుడ్డ వేసి తక్కువ వేడితో చేయాలి.

వెల్‌క్రో ఎప్పుడూ మూసే పెట్టాలి, ఉతికేటప్పుడూ అంతే. ముళ్ల వైపు తెరిచి ఉంటే పక్కనున్న నెట్టునూ, శాటిన్‌నూ పీకేస్తుంది.

కుందన్లు రాలడానికి కారణం మీ సజ్జే. గ్లూ గన్‌తో అంటించిన జిగురు ఎండాకాలపు వేడికి మెత్తబడుతుంది, పైన స్లాబు ఉంటే మరీను. రంధ్రాలున్న రాళ్లు కొని దారంతో కుట్టేయండి. స్టేజీ బట్టలు సజ్జ మీంచి దించి బీరువా కింది అరలో పెట్టండి.

బేగంబజార్_సరుకు:
పైవారి మాటకు కొంచెం కలుపుతాను. ఒక వేషానికి ఒక సంచీ ఉండాలి. పాత దిండు గలీబు దీనికి చాలా బాగుంటుంది, గాలి ఆడుతుంది. పిల్లనగ్రోవి, వడ్డాణం, పిన్నీసులు, నామం స్టిక్కర్లు చిన్న జిప్ కవర్లో వేసి అదే సంచీకి కట్టండి. లోపల ఒక చీటీలో ‘పంచె 1, ఉత్తరీయం 1, కిరీటం 1, పిల్లనగ్రోవి 1, భుజకీర్తులు 2’ అని రాసి, ఏ వయసుకు సరిపోతుందో కూడా వేయండి. పొద్దున ఏడింటికి బస్సు వచ్చేటప్పుడు దొరకనిది పంచె కాదండీ, ఈ చిల్లర సామానే.

అట్ట కిరీటాన్ని స్టీలు డబ్బా మీద బోర్లించి, పైన ఏమీ పెట్టకుండా ఉంచండి. న్యూస్‌పేపరు కుక్కితే సిరా అంటుతుంది, పాత చున్నీ నయం. రెక్కలను మడవొద్దు, తీగ ఒకసారి వంగితే మళ్లీ తిన్నగా రాదు. పాత దుప్పటిలో చుట్టి బీరువా వెనక నిలబెట్టండి. జరీ చీరకు రబ్బరు బ్యాండు వేయొద్దు, రబ్బరులోని గంధకం జరీని నల్లగా చేస్తుంది.

ఉప్పల్_పైఅంతస్తు:
చాలా థ్యాంక్సండీ. నెమలి ఈక మొదలు దగ్గర తెల్లటి పొడి రాలుతోంది. కలరా ఉండలు వేస్తే పోతుందా?

పిల్లల_ఇల్లు_జాగ్రత్త:
కలరా ఉండలు వద్దే వద్దు. అవి నాఫ్తలీన్. పిల్లలు చాక్లెట్ అనుకుని నోట్లో పెట్టుకుంటారు. జీ-6-పీడీ ఎంజైము లోపమున్న పిల్లలకైతే ఆ ఆవిరి పట్టిన బట్టలు తొడిగినా ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు.

ఆ పొడి పురుగు పని. ఈకను ప్లాస్టిక్ కవర్లో గాలి తీసి గట్టిగా మూసి, డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పొద్దు, లేకపోతే తేమ ఈక మీదే చేరుతుంది. తర్వాత మెత్తటి బ్రష్షుతో దులిపి విడిగా పెట్టండి.

మంత్రదండం, వెలిగే రెక్కల్లో బ్యాటరీలు తీసేసి దాచాలి. ఉంచితే కారి తుప్పు పట్టిస్తాయి. బిళ్ల బ్యాటరీ ఇంకా ప్రమాదం, మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేయగలదు. బ్యాటరీ గది మూతకు స్క్రూ లేని బొమ్మ ఆట టబ్బులోకి రాకూడదు. మెడకు తాడుతో కట్టే కేపులకు తాడు కత్తిరించి చిన్న వెల్‌క్రో ముక్క కుట్టండి, లాగితే ఊడిపోవాలి.

వేషాల_కుట్టుపని:
ఇంకొకటి మరిచాను. కుట్టిన పంచెలో ముందు చచ్చేది ఎలాస్టిక్. నడుం పట్టీ లోపలి వైపు 3 సెం.మీ. కుట్టు విప్పి అలాగే వదిలేయండి. పిల్లవాడి నడుం కొలత కంటే 5 సెం.మీ. తక్కువ ఎలాస్టిక్ కోసి, పిన్నీసుకు గుచ్చి ఆ సందులోంచి లాగితే పది నిమిషాల పని. పెద్దవాడి పంచె చిన్నవాడికీ అలాగే సరిపోతుంది.